బడి కమిటీ: సంతకాల పుస్తకం నుంచి పనుల పుస్తకం దాకా

విజయవాడలోనో గుంటూరులోనో ఏదైనా ప్రభుత్వ బడికి వెళ్ళి పేరెంట్స్ కమిటీ మినిట్స్ పుస్తకం చూపించమనండి. చాలా పుస్తకాల్లో పేజీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పైన తేదీ. కింద: "ఈ దినము ఛైర్మన్ గారి అధ్యక్షతన సమావేశము జరిగినది. పాఠశాల అభివృద్ధి గురించి చర్చించడమైనది. సభ్యులందరూ ఏకగ్రీవముగా ఆమోదించిరి." ఆ కింద వరసగా సంతకాలు, రెండు మూడు వేలిముద్రలు. పేజీ చింపి పక్క ఊరి బడి పుస్తకంలో అంటించినా తేడా తెలియదు.

ఇంకోలా కూడా రాయొచ్చు: "ఆడపిల్లల మరుగుదొడ్లు నాలుగింటిలో ఒకదానికి గడియ లేదు, ఒకదానికి నీళ్ళు రావడం లేదు. గడియ: ఛైర్మన్ తెప్పించాలి, శనివారంలోగా. పైపు: హెచ్ఎం ప్లంబరుని పిలవాలి, 20వ తేదీలోగా. ఖర్చు నిర్వహణ నిధి నుంచి. వచ్చే సమావేశంలో మొదటి అంశం ఇదే." ఇందులో లోపం ఏమిటో ఉంది, ఎవరు చెయ్యాలో ఉంది, గడువు ఉంది, డబ్బు ఎక్కడిదో ఉంది. అన్నిటికంటే ముఖ్యం చివరి వాక్యం. నెల తిరిగాక ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతారని అందరికీ ముందే తెలుస్తుంది. కమిటీకి టీచర్ని బదిలీ చేసే అధికారం లేదు, కోట్ల నిధులూ లేవు. దాని బలమంతా అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడగగలగడంలో ఉంది. కింద చెప్పేదంతా ఏ ప్రశ్నలు అడగాలి, జవాబు నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి అన్నదే.

చట్టం ఏమిచ్చింది

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులన్నిటిలో పాఠశాల యాజమాన్య కమిటీ, అంటే మనం పేరెంట్స్ కమిటీ అంటున్నదే, ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. బలహీన వర్గాల పిల్లలు ఎంతమంది ఉంటే వాళ్ళ ఇళ్ళ నుంచి ఆ దామాషాలో సభ్యులు. మన ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నుకుంటారు, హెచ్ఎం కన్వీనర్‌గా ఉంటారు. 2024 ఆగస్టులో ఈ ఎన్నికలు జరిగాయి. ఎయిడెడ్ బడుల్లో కమిటీది సలహా పాత్ర మాత్రమే. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్ళకు ఈ సెక్షన్ వర్తించదు.

చట్టం అప్పగించిన పనులు మూడు: బడి నడిచే తీరు గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి పంపడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం. అంటే లెక్కలు చూపించమని అడగడం హెచ్ఎం మీద అనుమానం కాదు, కమిటీ డ్యూటీ. ఇది హెచ్ఎంలకు మంచిదే. లెక్క పదిమంది ముందు చదివిన బడిలో గుసగుసలకు చోటుండదు.

కమిటీ ఎన్నిక వార్డు రాజకీయాలకు రిహార్సల్‌గా మారిన చోట మాత్రం ఇవేవీ సాగవు. చెయ్యెత్తి ఓటేసే రోజు వచ్చిన హడావిడిలో పదో వంతు తర్వాతి నెల సమావేశానికి వస్తే చాలు.

మధ్యాహ్నం మూడు గంటల సమావేశం

సమావేశానికి ఎవరూ రారని బడి వాళ్ళ ఫిర్యాదు. ఎప్పుడు పెడుతున్నారో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. పనిరోజు మధ్యాహ్నం రెండున్నరకో మూడింటికో పెడతారు. ఆటోనగర్‌లో మెకానిక్ అప్పటికి వాహనం కింద పడుకుని ఉంటాడు. మిర్చి యార్డులో హమాలీకి అదే బస్తాలు దించే వేళ. నాలుగిళ్ళలో పనిచేసే తల్లి మూడో ఇంట్లో అంట్లు తోముతూ ఉంటుంది. రావాలంటే పూట కూలి పోతుంది. తర్వాత పుస్తకమే పిల్లాడి చేతికిచ్చి సంతకానికి ఇంటికి పంపుతారు. ఆ పద్ధతి మొదలైన రోజున కమిటీ చచ్చిపోయినట్టే.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికో, పనిరోజు సాయంత్రం ఆరున్నరకో పెడితే వచ్చేవాళ్ళ సంఖ్య మారుతుంది. గంటకు మించకూడదు. చివరి పది నిమిషాలూ రాసింది బిగ్గరగా చదవడానికే ఉంచాలి. చదువురాని సభ్యురాలు తను వేలిముద్ర వేసేది దేనికో చెవులతో విని వెయ్యాలి. రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు 2024 డిసెంబరు 7న మొదలయ్యాయి, 2025 జులై 10న రెండోసారి జరిగాయి. ఆ రోజుల్లో బడులు కళకళలాడతాయి, ముగ్గులు వేస్తారు, తల్లులకు ఆటల పోటీలు పెడతారు. మంచిదే. అయితే పండగ రోజు ఇంటి పైకప్పు కారుతోందని ఎవరూ ఎత్తరు. దానికి మామూలు నెలవారీ సమావేశమే కావాలి.

హాజరు శాతం దాచిపెట్టేది

"మా బడిలో హాజరు 85 శాతం" అంటే వినడానికి బాగానే ఉంటుంది. నలభై మంది తరగతిలో రోజూ ఆరుగురు రావడం లేదని దాని అర్థం. ఆ ఆరుగురూ రోజూ వేర్వేరు పిల్లలా, లేక రోజూ వాళ్ళేనా? మొదటిది జ్వరాలు, పెళ్ళిళ్ళ సంగతి. రెండోది బడి మానేయబోతున్న ఆరుగురు పిల్లల సంగతి. సగటు ఈ రెండిటినీ ఒకే అంకెగా చూపిస్తుంది. అందుకే కమిటీ అడగాల్సింది శాతం కాదు, జాబితా: ఈ నెలలో నాలుగు రోజులకు మించి రాని పిల్లలెవరు?

వారానికి ఒక్కరోజే కదా అనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చట్టం చెప్పిన పని దినాలు 220. వారానికి ఆరు రోజుల లెక్కన అవి దాదాపు 36 వారాలు. వారానికో రోజు మానిన పిల్లవాడు ఏడాదికి 36 రోజులు, అంటే నెలన్నర చదువు పోగొట్టుకుంటాడు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే తల్లిదండ్రులకు చటుక్కున ఎక్కుతుంది. ఉపన్యాసాలు అక్కర్లేదు.

జాబితా చేతికొచ్చాక ఇంటికి వెళ్ళాల్సింది టీచరు ఒక్కరే కాదు, ఆ వీధిలోనే ఉండే కమిటీ సభ్యురాలు కూడా. "మీ అబ్బాయి ఎందుకు రావట్లేదు?" అని టీచరు అడిగితే "జ్వరం మేడమ్" అంటారు. పక్కింటి ఆమె అడిగితే నిజం బయటపడుతుంది: చంటిదాన్ని చూసుకునేవాళ్ళు లేరు, బస్సు పాసు అయిపోయింది, పెద్దక్లాసు వాళ్ళు కొడుతున్నారు, బూట్లు చిరిగాయి. ఒక్కోదానికి మందు ఒక్కోటి. బస్సు పాసుకు కౌన్సెలింగ్ ఇచ్చి లాభం లేదు.

గుంటూరు చుట్టుపక్కల దీనికో రుతువు ఉంది. సంక్రాంతి వెళ్ళగానే మిరపకోతలు ఊపందుకుంటాయి. ఇక్కడి పిల్లలు కొందరు తల్లుల వెంట చేలోకి వెళ్తారు, కర్నూలు పడమటి మండలాల నుంచి కోతలకు వచ్చిన కుటుంబాల పిల్లలు ఇక్కడికి చేరతారు. ఇక్కడి బడి రిజిస్టరులో గైర్హాజరు పెరుగుతుంది, అక్కడి బడి రిజిస్టరులోనూ పెరుగుతుంది. వలస వచ్చిన పిల్లల్ని టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని తిప్పి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని చట్టమే చెబుతోంది. కమిటీ ఈ పని డిసెంబరులోనే మొదలుపెట్టాలి. కూలీలను తెచ్చే ఏ మేస్త్రీ ఎన్ని కుటుంబాలను తెస్తున్నాడో ఊళ్ళో వాళ్ళకు ముందే తెలుస్తుంది. ఆ సంఖ్య జనవరిలో ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయానికి రాతపూర్వకంగా చేరితే పుస్తకాలకూ, భోజనానికీ, కాలానుగుణ హాస్టలుకూ అడగడానికి వీలుంటుంది. మార్చిలో తెలిస్తే అప్పటికే ఒంటిపూట బడులు వచ్చేస్తాయి.

మూడు నిమిషాల చదువు పరీక్ష

గోడల రంగు గురించి కమిటీలు గంటలకొద్దీ మాట్లాడతాయి. పిల్లలకు చదవడం వచ్చా అన్న మాట వచ్చేసరికి "అది టీచర్లు చూసుకుంటారు" అని ఊరుకుంటాయి. చదువుకోని తల్లిదండ్రులకు ఆ బెరుకు సహజం. దీనికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఐదో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇవ్వండి. వాళ్ళు ముందు చూడని నాలుగు వాక్యాలు చదవమనండి. ధారగా చదివితే చిన్న కథ ఇవ్వండి. తడబడితే విడి పదాలు, అదీ కష్టమైతే అక్షరాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. ముప్పై మందికి గంటన్నర. చెవి ఒగ్గి వింటే తెలుగులో ఎక్కడ ఆగుతున్నారో తేలిగ్గా పట్టుకోవచ్చు. గుణింతాలు దాటిన పిల్ల కూడా వత్తు దగ్గర కాలు జారుతుంది. "చెట్టు" అన్నది "చె... టు" అవుతుంది, "రాష్ట్రం" దగ్గర గొంతే పోతుంది. అక్షరాలు రావని కాదు, అక్షరం కిందికి చూడటం అలవాటు కాలేదు. గుణింతం దగ్గర ఆగే పిల్లకూ, వత్తు దగ్గర ఆగే పిల్లకూ పెట్టాల్సిన మందు వేరు. ఒకరికి మళ్ళీ గుణింతాలు, ఇంకొకరికి రోజూ ఇరవై వత్తు పదాలు. లెక్కల్లోనూ అంతే: అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత ఒకటి, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఒకటి ఇస్తే చాలు, పరిస్థితి తేటతెల్లమవుతుంది.

ఫలితం ఇలా రాయాలి. ఉదాహరణకు ఐదో తరగతిలో 32 మంది ఉంటే: కథ చదివేవాళ్ళు 9, నాలుగు వాక్యాలు చదివేవాళ్ళు 8, పదాలు చదివేవాళ్ళు 10, అక్షరాల దగ్గరే ఉన్నవాళ్ళు 5. సమావేశంలో అంకెలు మాత్రమే చదవాలి, పేర్లు ఎప్పుడూ చదవకూడదు. ఒక్కసారి పదిమంది ముందు పేరు చదివితే ఆ పిల్లవాడి తల్లి మళ్ళీ మీటింగు గడప తొక్కదు.

ఇక్కడి నుంచి టీచర్ల పని. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని తరగతితో పని లేకుండా, వాళ్ళున్న మెట్టు ప్రకారం రోజుకో గంట గుంపులు చెయ్యాలి. ఏడెనిమిది వారాలయ్యాక మళ్ళీ చూడాలి. రెండోసారి వేరే వాక్యాలు ఇవ్వకపోతే మొత్తం నాటకమవుతుంది. పిల్లలు పాత పేరా కంఠతా అప్పగిస్తారు, అంకెలు పెరుగుతాయి, చదువు రాదు. రెండో తప్పు: దీన్ని టీచరు మీద పరీక్షగా మార్చడం. ఐదో తరగతిలో అక్షరాల దగ్గర ఆగిన పిల్లవాడి బాకీ ఐదేళ్ళది. ఈ ఏడాది టీచరు ఒక్కరి ఖాతాలో రాస్తే, వచ్చే ఏడాది ఏ టీచరూ నిజం అంకెలు చూపించరు.

మాధ్యమం సంగతి కూడా ఇందులోకి వస్తుంది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదుటి పక్క తెలుగు ఉంటాయి. ఇంట్లో తల్లి తెలుగు పేజీ వినడం తక్కువ పనేమీ కాదు. రోజూ రాత్రి పది నిమిషాలు పిల్ల చదువుతుంటే తల్లి వినాలి. తల్లికి చదువు వచ్చినా రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగుతోందో చెవికి తెలిసిపోతుంది. వీధిలో ఇంటరో డిగ్రీయో చదివే పిల్లలు బడికొచ్చి వినడానికి ముందుకొస్తే మంచిదే, రెండు షరతులతో: హెచ్ఎం రాతపూర్వక అనుమతి ఉండాలి, ఏ వాలంటీరూ పిల్లలతో గదిలో ఒంటరిగా ఉండకూడదు. తలుపు తెరిచే ఉండాలి.

పళ్ళేలు కడిగే చోట

మధ్యాహ్న భోజనం బాగుందా అని అడిగితే పిల్లలు "బాగుంది సార్" అంటారు, పక్కన వంటామె నిలబడి ఉంటే ఇంకా గట్టిగా అంటారు. నిజం తెలియాలంటే పళ్ళేలు కడిగే చోటికి వెళ్ళి పారేసిన అన్నం బకెట్ చూడాలి. వారం రోజులు రోజూ ఆ బకెట్ తూకం వేసి పక్కన ఆ రోజు కూర పేరు రాస్తే ఏ రోజు ఎంత పోతోందో, ఏ వంటకం పిల్లలకు ఎక్కడం లేదో బయటపడుతుంది. ఇళ్ళ నుంచి పిల్లలు డబ్బాల్లో కూర తెచ్చుకుంటున్నారేమో కూడా చూడండి. అదే అసలు ఫిర్యాదు.

పరిమాణాలు కమిటీలో ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ఇవే 150, 30, 75, ఏడున్నర. అంటే ప్రాథమిక బడిలో వందమంది తింటే పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, ఐదు కిలోల కూరగాయలు, అరకిలో నూనె. పప్పుచారు నీళ్ళలా ఉందంటే పప్పు డబ్బా తూకం వేస్తే సరి. వడ్డించే ముందు పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు, అందులో ఒక టీచరు, రుచి చూడాలన్నది నిబంధన. రుచి చూసిన రిజిస్టరులో వారం సంతకాలూ శనివారం ఒకేసారి పడ్డాయంటే సిరా రంగే చెప్పేస్తుంది.

తూకం తగ్గిందనగానే దొంగతనం అనేయకూడదు. వంట ఏజెన్సీ మహిళలకు బిల్లులు నెలలు ఆలస్యమైతే వాళ్ళు కిరాణా కొట్టులో అరువు పెడతారు. అరువు హద్దు దాటాక కొట్టువాడు సరుకు తగ్గిస్తాడు, వాళ్ళు పప్పు తగ్గిస్తారు. అప్పుడు కమిటీ తీర్మానం వంటామె మీద కాదు, ఆగిన బిల్లు మీద ఉండాలి: ఏ నెల నుంచి, ఎంత మొత్తం, ఎంఈఓ కార్యాలయానికి ఏ తేదీన పంపారు. పెద్ద వంటశాల నుంచి వ్యానులో భోజనం వచ్చే బడుల్లో లోపం వేరే రకంగా ఉంటుంది. వ్యాను వచ్చిన సమయం, గిన్నె మూత తీసిన సమయం రెండూ రాయాలి. రెండిటి మధ్యా గంటన్నర ఉంటే అన్నం చల్లారక ఏమవుతుంది?

గడియ, కుళాయి, ట్యాంకు

ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి దశ 2019 నవంబరు 14న మొదలై 15,715 బడులకు మరమ్మతులు చేసింది. ఆ పనుల డబ్బు కాంట్రాక్టర్ల చేతికి కాకుండా పేరెంట్స్ కమిటీల చేతికిచ్చారు. ఇటుకలు ఎంచడం, సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం అప్పుడే చాలా కమిటీలు నేర్చుకున్నాయి. కట్టడం ఒకసారి చేసే పని. కట్టింది పాడవకుండా చూడటం ప్రతి శనివారం చేసే పని. బడుల్లో ఎక్కువ భాగం ఈ రెండోదాని దగ్గరే బోల్తా పడతాయి.

మరుగుదొడ్డి ఎందుకు వాడకుండా పోతుందో వరసగా చూస్తే చాలాచోట్ల కథ ఒకటే. ముందు గడియ ఊడుతుంది. గడియ లేని దొడ్డికి ఆడపిల్లలు జంటగా వెళ్తారు, ఒకరు బయట తలుపు పట్టుకుని నిలబడతారు. తర్వాత కుళాయి పిడి విరుగుతుంది, లోపల నీళ్ళు లేక బకెట్ మోసుకెళ్ళాలి. బకెట్ మోసేవాళ్ళు లేక వాసన మొదలవుతుంది. వాసన వచ్చాక ఆయా కూడా లోపలికి వెళ్ళడం తగ్గిస్తుంది. చివరికి తాళం పడుతుంది. అప్పటి నుంచి పెద్ద తరగతుల ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మొదట్లో వంద రూపాయల గడియతో పోయేది, చివరికి వేల రూపాయల మరమ్మతు అవుతుంది. నలభై మంది పిల్లలకు ఒక దొడ్డి, మూడు యూరినల్స్ అన్నది స్వచ్ఛ విద్యాలయ లెక్క. 160 మంది ఆడపిల్లలుంటే నాలుగు దొడ్లు కావాలి. తాళం వేసినవి లెక్కలోకి రావు. పెద్ద పిల్లల దొడ్లలో మూత ఉన్న చెత్తబుట్ట, దాన్ని రోజూ ఖాళీ చేసే మనిషి ఉండాలి. ఈ రెండోది మర్చిపోతే మొదటిది ఉండీ లాభం లేదు.

శనివారం పది నిమిషాల తనిఖీకి ఇద్దరు తల్లులు వంతులవారీగా వస్తే చాలు: ప్రతి తలుపు గడియ వేసి తీయాలి, ప్రతి కుళాయి తిప్పాలి, లైటు వెయ్యాలి, చేతులు కడిగే చోట సబ్బు ఉందో లేదో చూడాలి. కాగితం మీద టిక్కులు పెట్టి గోడకు అంటించాలి. ఫొటో తీసి యాప్‌లో పెట్టడం బడి ఎలాగూ చేస్తుంది. ఫొటోలో గడియ పడుతుందో లేదో తెలియదు.

నీళ్ళ ట్యాంకు మీద ఎవరి చూపూ పడదు, అది పైన ఉంటుంది కాబట్టి. మూడు నెలలకోసారైనా నీళ్ళు ఖాళీ చేసి కడిగి, కడిగిన తేదీ ట్యాంకు మీదే పెయింటుతో రాయిస్తే మర్చిపోవడం కష్టం. మున్సిపల్ నీళ్ళు బడి తెరవకముందే వచ్చి పోయే వీధుల్లో సంపు, దాని వాల్వు తిప్పే మనిషి ఉండాలి. సంపులో బోరు నీళ్ళు కలిపితే క్లోరిన్ కలపాల్సిన పని కమిటీ మీద పడుతుంది. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు, కలిపాక కనీసం గంట ఆగాలి. తెరిచిపెట్టిన పౌడరు బస్తా కొద్ది వారాల్లో సారం కోల్పోతుంది. పాత పౌడరు ఎంత వేసినా వాసనే తప్ప ఫలితం ఉండదు.

మన నగరాల్లో ఒక చిక్కుంది. కార్పొరేషన్ బడుల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు వెళ్ళింది, భవనాలు, స్థలాలు మాత్రం కార్పొరేషన్‌వే. టీచర్ల గురించి ఎంఈఓ దగ్గరికి, గోడ బీటల గురించి కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగానికి వెళ్ళాలి. ఒక్క అర్జీలో రెండూ రాస్తే రెండు ఆఫీసులూ "ఇది మాది కాదు" అని పక్కకు తోస్తాయి. ఒక సమస్యకు ఒక కాగితం, రెండో కాపీ మీద ముద్ర, తేదీ. ఆ ముద్ర వేయించుకోకుండా ఏ ఆఫీసు గుమ్మమూ దిగవద్దు.

డబ్బు, దాతలు

కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద బడికి ఏడాదికిచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: ముప్పై మంది లోపు రూ.10,000, వంద వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. దీనికి తోడు 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం పథకంలో ఒక్కో విద్యార్థికి రూ.15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు కేటాయించారు. వచ్చింది ఎంత, ఏ రోజు, ఖర్చు దేనికి అన్నది నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టించుకునే దాకా ఆగడం బడికే చెడ్డపేరు.

దాతల విషయంలో కమిటీ కాస్త గట్టిగా ఉండాలి. పూర్వ విద్యార్థులు, షాపుల వాళ్ళు ఇష్టంగా ఇచ్చేవి బీరువాలు, టీవీలు, ఆర్వో ప్లాంట్లు. పేరు రాసుకోవడానికి వాటి మీద చోటుంటుంది. బోరు నీళ్ళ గట్టిదనానికి ఆర్వో ఫిల్టర్లు కొద్ది నెలల్లో మూసుకుపోతాయి. మార్చేవాళ్ళు లేక ప్లాంటు మూలన పడుతుంది, దాని పక్కనే పిల్లలు కుళాయి నీళ్ళు తాగుతారు. అందుకని ఏది తీసుకున్నా ముందు అడగాల్సింది: దీని కరెంటు, ఫిల్టర్లు, మరమ్మతు మూడేళ్ళపాటు ఎవరివి? దాత ప్లాంటు బదులు నిర్వహణకు ఏడాదికి కొంత ఇస్తానంటే అంతకంటే మంచి విరాళం లేదు.

టీచరు లేడని చెప్పే పద్ధతి

"మా బడిలో టీచర్లు లేరు" అన్న అర్జీకి జవాబు రాదు. అంకెలతో రాయాలి. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 60 మంది దాకా ఇద్దరు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు, 150 దాటితే అదనంగా హెచ్ఎం. ఆరు నుంచి ఎనిమిదిలో ప్రతి 35 మందికి ఒకరు, అందులో లెక్కలు-సైన్సు, సాంఘికం, భాషలు విడివిడిగా. మీ బడిలో 95 మంది, ముగ్గురు టీచర్లు ఉంటే అర్జీ ఒక్క వాక్యం: "95 మందికి నలుగురు ఉండాలి, ముగ్గురే ఉన్నారు." నియమితులై వేరే చోట పనిచేస్తున్నవారుంటే ఆ తేదీ కూడా. ఒక బడికి నియమించిన టీచరును వేరే బడికో ఆఫీసుకో వాడరాదని 25వ సెక్షన్, జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప బోధనేతర పనులకు పంపరాదని 27వ సెక్షన్ చెబుతున్నాయి.

డిసెంబరు గడువు

కమిటీలు చాలావరకు జూన్ 12న బడి తెరిచాక ఆలోచన మొదలుపెడతాయి. అప్పటికి ఆలస్యమైపోయింది. బడి అభివృద్ధి ప్రణాళిక ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే తయారవ్వాలన్నది కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల మాట. మార్చి 31కి మూడు నెలల ముందంటే డిసెంబరు. మూడేళ్ళ ప్రణాళిక, దాని కింద ఏడాదికొకటి. అందులో తరగతివారీగా వచ్చే ఏడాది ఎంతమంది పిల్లలుంటారు, టీచర్లు ఎంతమంది తక్కువ, గదులు, దొడ్లు, డబ్బు. పిల్లల అంచనాకు వార్డు అంగన్‌వాడీల్లో ఐదేళ్ళ పిల్లల్ని లెక్కపెడితే సరి, అంగన్‌వాడీ టీచరును కమిటీలో కూర్చోబెట్టడానికి ఇదో కారణం. ఛైర్మన్, వైస్ ఛైర్మన్, కన్వీనర్ సంతకాలతో పంపి ముద్ర వేసిన కాపీ పుస్తకంలో అంటించాలి.

పుస్తకం ఎక్కడ దాస్తున్నారన్నది కూడా చిన్న విషయం కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి మునిగినప్పుడు కింది గదుల్లో ఉన్నవన్నీ నీళ్ళ పాలయ్యాయి. రిజిస్టర్లు, బియ్యం బస్తాలు వానాకాలమంతా పై అంతస్తులోనో ఎత్తైన అరుగు మీదో ఉండాలి. ప్రతి పేజీ ఫొటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి.

కమిటీ పదవీకాలం రెండేళ్ళు. దిగిపోయేవాళ్ళు కొత్తవాళ్ళకు శాలువాతో పాటు మూడు కాగితాలు ఇచ్చి వెళ్ళాలి: పూర్తికాని తీర్మానాల జాబితా, ఏ ఆఫీసులో ఏ అర్జీ ఏ తేదీ నుంచి ఆగి ఉందో ఆ జాబితా, చివరి చదువు పరీక్ష అంకెలు. కొత్త కమిటీ మొదటి సమావేశంలో మొదట చదవాల్సింది అవే. గడియ ఇంకా బిగించలేదేమో, ఆ రోజే తెలుస్తుంది.